హౌసింగ్ కారుతోందా? సీలు కొనే ముందు ఒక పావుగంట ఆగండి

పొద్దున్నే బండి తీసేటప్పుడు వెనక చక్రాల మధ్య నేల మీద నల్లటి మరక కనపడుతుంది. డ్రైవరు వంగి చూస్తాడు. హౌసింగ్ ముందు భాగమంతా జిడ్డు, ఆ జిడ్డుకి పట్టిన దుమ్ము. తిన్నగా షెడ్డుకి వస్తాడు. "మేస్త్రి గారూ, పినియన్ సీలు పోయిందండి. తొందరగా మార్చేద్దురూ, పదింటికి లోడుంది" అంటాడు. మేస్త్రి కూడా వంగి చూస్తాడు. జిడ్డు అక్కడే ఉంది, సీలూ అక్కడే ఉంది. ఇంకేం, కుర్రాణ్ణి స్పేర్ పార్టుల కొట్టుకి పంపిస్తాడు.

ఇందులో తప్పేముంది అంటారేమో. నేనూ అలాగే అనుకుని ఒకే బండికి మూడు సీళ్ళు మార్చాను. రావులపాలెం యార్డుకి అరటి గెలలు తోలే పికప్ అది. మొదటి సీలు మూడు వారాలు ఆగింది. రెండోది రెండు వారాలు కూడా ఆగలేదు. కొట్టువాడు డూప్లికేట్ సరుకిచ్చాడని తిట్టుకుని, మూడోసారి కంపెనీ సీలే తెప్పించి వేశాను. అదీ కారింది. ఈసారి డ్రైవరుతోపాటు ఓనరు కూడా వచ్చాడు. "ఏమండీ మేస్త్రీ, మా బండికి సీలు వేయడం నెల జీతమా ఏమిటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు తీరిగ్గా బండి కింద పడుకుని, హౌసింగ్ పైభాగం చేత్తో తడిమితే ఎండిన బురద పెళ్ళ కింద చిన్న బుడిపె తగిలింది. అదే బ్రీదర్, హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే దారి. పానా వేసి విప్పితే 'ఉస్'మని గాలి బయటికొచ్చింది. అప్పటిదాకా నేను మార్చిన సీళ్ళలో ఏ ఒక్కదాని తప్పూ లేదు. లోపల గాలి బయటికి పోయే దారి లేక సీలు పెదవి సందులోంచి నూనెని తోసేసింది. నాలుగోసారి లేబరు తీసుకోలేదు. తీసుకునే మొహమూ లేదు.

కాలవ పక్కన పుట్టిన వాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. గోదావరి పశ్చిమ డెల్టా కాలవకి ఎక్కడో గండి పడిందనుకోండి. గండి దగ్గర ఇసుక బస్తాలు వేస్తారు, నిజమే. కానీ ముందు విజ్జేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గర నీళ్ళు తగ్గించమని కబురు పెడతారు. పైన నీళ్ళు అలాగే వదిలి కింద ఎన్ని బస్తాలేసినా, ఆ గండి పూడితే పక్కన ఇంకో గండి పడుతుంది. హౌసింగ్‌లో సీలు ఆ గట్టు లాంటిది. కారిన చోట పని చేయక తప్పదు, కానీ ఎందుకు కారిందో తేలాకే చెయ్యి పెట్టాలి. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకీ, సొంత బండి తోలుకునేవాళ్ళకీ ఈ వ్యాసంలో నేను చెప్పేది ఇదే.

డిఫరెన్షియల్ అన్న పేరు బిల్లుల మీదే కనపడుతుంది. షెడ్డులో హౌసింగ్ అంటాం, లోపలున్న పళ్ళ చక్రాల్ని క్రౌన్ పినియన్ అంటాం. ఇంజను నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వచ్చే తిప్పుడుని పక్కకి మళ్ళించి వెనక చక్రాలకు ఇవ్వడం దాని పని. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగనివ్వడం కూడా దాని పనే. చాలా బండ్లలో పినియన్ గేరు క్రౌన్ మధ్యగీతకి కొంచెం కిందికి ఉంటుంది. అందువల్ల పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా రాసుకుంటూ జారతాయి కూడా. మామూలు నూనె ఆ ఒత్తిడికి తట్టుకోలేదు, పొర తెగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం కలిసిన జీఎల్-5 రకం గేరాయిలు పోస్తారు. కుళ్ళిన వెల్లుల్లి లాంటి ఆ ఘాటు వాసన గంధకానిదే. ఆ వాసన గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

బండి నడుస్తుంటే ఈ నూనె చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. నూనెతోపాటు పైనున్న గాలీ వేడెక్కుతుంది. 30 డిగ్రీల దగ్గర మూతపడిన గాలి 90 డిగ్రీలకు చేరితే దాని ఒత్తిడి అయిదో వంతు పెరుగుతుంది, అంటే సుమారు 3 పీఎస్ఐ. టైర్ల గాలి లెక్కలో చూస్తే ఇది ఏపాటి అనిపిస్తుంది. కానీ సీలు పెదవి షాఫ్ట్‌ని పట్టుకునేది ఒక సన్నటి స్ప్రింగు బలంతోనే. దానికి 3 పీఎస్ఐ ఎక్కువే.

అసలు పనికి వద్దాం. మొదట బండి కింద దూరి పానా తియ్యకండి. బండిని చదునుగా ఉన్న చోట ఆపి, కాస్త చల్లారనిచ్చి, ఫిల్లర్ ప్లగ్ విప్పండి. చాలా బండ్లకి నూనె ఆ కన్నం కింది అంచు దాకా ఉండాలి. వేలు పెడితే అంచు దగ్గరే తగలాలి. విప్పగానే నూనె గుమ్మరించుకుని బయటికొచ్చిందంటే ఎవరో ఎక్కువ పోశారు. బండి వాలుగా ఉండగా పోస్తే ఇలా అవ్వొచ్చు. ఎక్కువ పోసిన నూనె వేడికి నురుగెత్తి బ్రీదర్ లోంచో సీలు లోంచో తన దారి తను చూసుకుంటుంది. అలాంటి బండికి సీలు మార్చడం దండగ. లెవెల్ సరిచేసి, తుడిచి, వారం తిప్పి చూడమని పంపేయండి.

ఒక్క మాట, మరిచిపోవద్దు: నూనె దించాల్సి వస్తే ఫిల్లర్ ప్లగ్ ముందు విప్పాలి, డ్రెయిన్ ప్లగ్ తర్వాత. ముందు దించేసి, పై ప్లగ్ తుప్పుపట్టి రాకపోతే బండి మీ షెడ్డులోనే ఉండిపోతుంది.

తర్వాత కడగడం. డీజిల్, బ్రష్షు, పాత గుడ్డ చాలు. హౌసింగ్, దాని ముందున్న ఫ్లాంజ్, రెండు చక్రాల లోపలి వైపు, పైన బాడీ అడుగు, అంతా జిడ్డు పోయేదాకా కడిగి ఆరనివ్వండి. ఆ తర్వాత నా చిట్కా ఒకటుంది, నవ్వకండి. ముఖానికి రాసుకునే పౌడరు హౌసింగ్ మీద పల్చగా చల్లండి. డ్రైవరుతో "కొవ్వూరు దాకా ఒకసారి తోలి తీసుకురా తమ్ముడూ" అనండి. తిరిగొచ్చాక తెల్లటి పౌడరు మీద తడి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనపడుతుంది. అన్నిటికన్నా పైనున్న తడి చోటే అసలు చోటు. కింద ఉన్నదంతా కారుకుంటూ వచ్చింది.

ఇక్కడే వాసన పనికొస్తుంది. వెల్లుల్లి ఘాటు వస్తే చాలావరకు హౌసింగ్ నూనే. గేరుబాక్సు వెనక సీలు కారినా ఆ నూనె షాఫ్ట్ వెంబడి, గాలికి వెనక్కి వచ్చి హౌసింగ్ మూతికి పట్టుకుంటుంది. అందుకని ముందు నుంచి వెనక్కి చూసుకుంటూ రావాలి. చక్రం దగ్గర తడి ఉంటే మాత్రం ఇంకో అనుమానం తీర్చుకోవాలి. అది బ్రేకాయిలు కావచ్చు. బ్రేకాయిలు పల్చగా ఉంటుంది, నీళ్ళతో కలిసిపోతుంది, పెయింటుని తినేస్తుంది. గేరాయిలు చిక్కగా, నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. అరచేతిలో చుక్క వేసుకుని నీళ్ళు కలిపి చూస్తే తేలిపోతుంది. బ్రేకాయిలు అయితే పని వీల్ సిలిండర్‌ది, హౌసింగ్‌ది కాదు.

బ్రీదర్ గురించి ఇంకొంచెం చెప్పాలి, మా డెల్టా ఊళ్ళలో దీని బాధే ఎక్కువ. హౌసింగ్ గొట్టం పైన చిన్న టోపీలాగానో, రబ్బరు గొట్టంలాగానో ఉంటుంది. పొలం గట్ల మీద, చెరువుల దగ్గర తిరిగే బండికి దాని మీద బురద పేరుకుని గట్టిపడుతుంది. విప్పి, డీజిల్‌లో కడిగి, నోటితో ఊదితే గాలి పోవాలి. పోకపోతే కొత్తది వేయండి. చాలా తక్కువ ఖరీదు. సీలు మార్చే ప్రతిసారీ బ్రీదర్ కూడా చూడటం నేను ఆ అరటి బండి తర్వాత అలవాటు చేసుకున్నాను.

బ్రీదర్ సంగతికి ఇంకో కోణం ఉంది. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి మా వైపు పొలాలు, దారులు మునిగినప్పుడు నీళ్ళల్లోంచి తోలిన బండ్లు చాలా ఉన్నాయి. ఎండలో తిరిగి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని బయటి నీళ్ళని లోపలికి పీలుస్తుంది. బ్రీదర్ గుండా పీలుస్తుంది, సీలు గుండా కూడా పీలుస్తుంది. ఆ నీళ్ళు నూనెతో కలిసి పాలు కలిపిన కాఫీలా అవుతాయి. ఫిల్లర్ లోంచి వేలికి అలాంటిది తగిలితే ఆ రోజే దించేసి కొత్త నూనె పోయాలి. పనికొస్తుందో రాదో అని చూస్తూ కూర్చుంటే బేరింగులు తుప్పు పడతాయి. ఇలాంటి దారుల్లో తిరిగే బండికి బ్రీదర్ టోపీ తీసేసి, నూనె తట్టుకునే రబ్బరు గొట్టం తొడిగి, ఛాసిస్ మీద ఎత్తుగా కట్టి, గొట్టం మూతి కిందికి వంచి పెట్టండి. అరగంట పని.

ఇప్పుడు పినియన్ సీలు. హౌసింగ్ మూతి దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే చోట ఉంటుంది. ఇది నిజంగా కారుతుంటే నూనె ఫ్లాంజ్‌తో పాటు తిరిగి చుట్టూ చిమ్ముతుంది. బాడీ అడుగున అడ్డంగా ఒక చార పడుతుంది. ఆ చార చూశారంటే దాదాపు ఖాయం. అయినా సీలు తియ్యకముందు ఫ్లాంజ్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఊపండి. కదులుతోందా? అయితే పినియన్ బేరింగు అరిగింది. షాఫ్ట్ ఊగుతుంటే ఏ సీలూ పట్టుకోలేదు. ఓనరుకి ఆ మాట అప్పుడే, పని మొదలుపెట్టకముందే చెప్పండి. సీలు వేశాక చెప్తే సాకులా వినపడుతుంది.

బేరింగు బాగుంటే పని ఇలా సాగుతుంది. ముందు చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి, వెనక రెండు చక్రాలూ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు షాఫ్ట్ మీదా ఫ్లాంజ్ మీదా ఒకే వరసలో గుర్తు పెట్టండి. అదే వరసలో తిరిగి బిగించకపోతే బండి వణుకుతుంది. తర్వాత ఫ్లాంజ్ నట్టు మీదా, పినియన్ కొస మీదా, ఫ్లాంజ్ మీదా ఉలితో చిన్న గీత పెట్టండి. నట్టు బయట ఎన్ని మరలు కనపడుతున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, కొన్ని బండ్లలో రెండు పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ ఆ గొట్టం నలిగి బేరింగుల మీద సరిపడా బిగుతు ఇస్తుంది. ఒకసారి ఎక్కువ నలిగితే మళ్ళీ వెనక్కి రాదు. నట్టు వదులు చేసినా లాభం లేదు, గొట్టం మార్చాల్సిందే. తక్కువ బిగిస్తే పినియన్ ఊగుతుంది. ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి కొన్నాళ్ళకి కూతపెడుతుంది. ఆ కూత విని ఓనరు "మీరు సీలు వేశాకే మొదలైంది" అంటాడు. ఆయన మాట నిజం కూడా. మరికొన్ని బండ్లలో గట్టి స్పేసరు, షిమ్ములు ఉంటాయి. వాటికి కంపెనీ చెప్పిన టార్కు ప్రకారం బిగిస్తే సరిపోతుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో బండి మాన్యువల్ చూసి తెలుసుకోకుండా నట్టు మీద పానా పెట్టొద్దు. గాలి గన్నుతో విప్పితే విప్పండి గానీ దాంతో బిగించడం మాత్రం నా షెడ్డులో నేను ఒప్పుకోను.

బిగుతు కొలవడానికి సన్నటి టార్కు పానా ఉంటే మంచిదే. లేకపోతే చేపలు తూచే స్ప్రింగు కాటా ఉంది కదా, అది తెచ్చుకోండి. షాఫ్ట్ విప్పాక, నట్టు కదపకముందు, బ్రేకులు ఎక్కడా రాసుకోకుండా చూసుకుని, ఫ్లాంజ్ చుట్టూ తాడు నాలుగు చుట్లు చుట్టి, కాటా కొక్కేనికి తగిలించి నిదానంగా లాగండి. ఫ్లాంజ్ తిరుగుతున్నప్పుడు ముల్లు ఎంత చూపిస్తుందో రాసుకోండి. మొదలు కదిలించేటప్పటి కుదుపు లెక్కలోకి తీసుకోకండి, ఒకే తీరుగా తిరిగేటప్పుడు చూడండి. సీలు వేసి నట్టు బిగించాక మళ్ళీ అదే తాడుతో, అదే తీరుగా లాగండి. ముల్లు పాత చోటికి, లేదా దానికి ఒక పిసరు ఎక్కువకి రావాలి. పెట్టిన గీతలు కలవడం మొదటి గుర్తు, కాటా రెండో సాక్షి. నట్టు కొత్తది వేయడం మంచిది, పాతది లాక్ పట్టు కోల్పోతుంది. కొత్త నట్టు మీద గీత ఉండదు కాబట్టి అప్పుడు మరల లెక్కా, కాటా చూసుకోవాలి.

పాత సీలు తీసేటప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి పీకే కంగారులో దాని గూటికి గీత పడకుండా చూడండి. గీత పడితే కొత్త సీలు బయటి అంచు నుంచే కారుతుంది. తీసిన సీలుని పారేయకుండా దాని మీదున్న మూడు అంకెలు చూడండి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. "ఫలానా బండి సీలు" అని అడక్కుండా ఆ అంకెలు చెప్పి కొనండి. ఒకే పేరు బండిలోనే ఏడాది మారితే సీలు మారడం చూశాను.

ఫ్లాంజ్ మెడ చూడటం చాలామంది మరిచిపోతారు. సీలు పెదవి ఏళ్ళతరబడి రాసుకున్న చోట సన్నటి గాడి పడుతుంది. గోటితో అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటే గాడి ఉన్నట్టే. కొత్త సీలు వేసినా అదే గాడిలో కూర్చుని కారుతుంది. గాడి మీదికి తొడిగే పల్చటి ఉక్కు తొడుగులు దొరుకుతాయి. దొరక్కపోతే ఫ్లాంజ్ మార్చండి. గూట్లో జాగా ఉంటే సీలుని ఒక మిల్లీమీటరు ఇటో అటో కూర్చోబెట్టి పెదవిని గాడి నుంచి తప్పించవచ్చు. ఎమెరీ కాగితంతో గాడి అరగదీయాలని చూడొద్దు, ఇంకా పాడవుతుంది.

కొత్త సీలు వేసేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి ఉండాలి. పెదవికి కొంచెం గ్రీజు రాయండి. సీలు వెడల్పుకి సరిపడే గొట్టం పెట్టి సుత్తితో చుట్టూ సమానంగా కొట్టండి. ఒక పక్క కొట్టి దింపి, తర్వాత రెండో పక్క కొడితే అప్పుడే పాడైనట్టు. పూర్తయ్యాక షాఫ్ట్ బిగించేటప్పుడు క్రాసుల్లో ఆట ఉందేమో కూడా చూడండి. క్రాసు పోయిన షాఫ్ట్ కొట్టుకుని సీలుని చంపుతుంది. ఇక్కడ ఇంకోటి. బస్తాలు కట్టే నైలాన్ తాడు ముక్కలు రోడ్డు మీద నుంచి ఫ్లాంజ్‌కి చుట్టుకుని సీలు పెదవిని కోసేస్తాయి. దాళ్వా, సార్వా దమ్ముల్లో ట్రాక్టరు యాక్సిలుకి గడ్డి చుట్టుకుని సీలు కోసుకుపోవడం అందరికీ తెలిసిందే. లారీలకీ పికప్‌లకీ కూడా ఇదే జరుగుతుందని మాత్రం చాలామందికి తట్టదు.

ట్రాక్టరు మాట వచ్చింది కాబట్టి: చాలా ట్రాక్టర్లలో గేరు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్, నూనెలో మునిగి ఉండే బ్రేకులు, అన్నిటికీ ఒకటే నూనె. దానిలో లారీ హౌసింగ్‌కి పోసే జీఎల్-5 పోయకండి. కంపెనీ చెప్పిన ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయాలి.

చక్రం వైపు కారడం వేరే జాతి సమస్య. దీన్ని మిగతావాటితో కలిపి చూడొద్దు. నూనె హబ్బు సీలు దాటితే తిన్నగా డ్రమ్ములోకి, బ్రేకు లైనింగు మీదికి వెళ్తుంది. ఒక వెనక చక్రం బ్రేకు పట్టదు, రెండోది పడుతుంది. బండి పక్కకి లాగుతుంది. పంగిడి నుంచి కంకర లోడుతో దిగే బండిని అలా తోలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఈ ఒక్క కేసులో నేను "రేపు చూద్దాం" అనను. బండి కదలనివ్వను.

చక్రం బయటి వైపు, యాక్సిల్ ఫ్లాంజ్ బోల్టుల దగ్గర తడి ఉంటే గాస్కెట్ పోయి ఉంటుంది, అది తేలిక. లోపలి వైపు, టైరు లోపలి గోడ మీద జిడ్డు చిమ్మి ఉంటే సీలు. లారీ లాంటి బండ్లకి హబ్బు బేరింగుల ఆట కూడా చూడాలి. ఎక్కువ లోడు తోలిన బండికి బేరింగు వదులై హబ్బు ఊగి సీలు చెడుతుంది. నూనె తడిసిన లైనింగుని పెట్రోలు పోసి మంటపెట్టి 'ఆరబెట్టే' మేస్త్రులు ఇంకా ఉన్నారు. ఆ లైనింగు లోపల పీల్చుకున్న నూనె వేడెక్కినప్పుడల్లా పైకి వస్తూనే ఉంటుంది. మార్చాల్సిందే, అదీ రెండు వైపులా ఒకేసారి. డ్రమ్ములో దుమ్ముని గాలి కంప్రెసర్‌తో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తడిగుడ్డతో తుడవండి.

కవర్ గాస్కెట్, ప్లగ్గులు ఇవి చిన్న పనులు. ప్లగ్‌కి రాగి వాషరు ప్రతిసారీ కొత్తది వేయండి. కవర్‌కి సిలికాన్ వాడితే బోల్టు కన్నాలకు లోపలి వైపు నుంచి మూడు మిల్లీమీటర్ల సన్నటి వరస చాలు. ఎక్కువ పూస్తే లోపలికి నలిగి, తెగి, నూనెలో తేలుతుంది. ట్యూబు మీద రాసిన సమయం ఆగాకే నూనె పోయండి. తొందరపడి పోస్తే మొదటి రోజే కారుతుంది. నూనె దించినప్పుడు అయస్కాంతం ప్లగ్‌కి బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే భయపడక్కర్లేదు. పొలుసులో, పంటి ముక్కలో ఉంటే మూత బిగించే ముందు లోపల చూడాలి.

ప్రాణం మీదికి తెచ్చే రెండు పొరపాట్లు చెప్తాను. మొదటిది: బండిని గేరులో పెట్టాం కదా, కదలదులే అనుకుని ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పడం. షాఫ్ట్ ఊడిన క్షణం నుంచి గేరుకీ వెనక చక్రాలకీ సంబంధం లేదు. హ్యాండ్‌బ్రేకు గేరుబాక్సు వెనక పనిచేసే బండ్లకి హ్యాండ్‌బ్రేకు కూడా పోతుంది. మీరు కింద పడుకుని ఉండగా బండి మీ మీద నుంచి దొర్లిపోతుంది. అందుకే చక్రాల దిమ్మలు ముందు, పానా తర్వాత. రెండోది: ఒక వెనక చక్రం మాత్రమే ఎత్తి, ఇంజను ఆన్ చేసి గేరు వేసి చూడటం. ఎత్తిన చక్రం గిరగిరా తిరుగుతుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఏ కారణం చేతనైనా కింద ఉన్న చక్రం పట్టుకుందంటే బండి జాకీ మీద నుంచి దూకుతుంది. ఎత్తితే రెండూ ఎత్తాలి, స్టాండ్ల మీదే ఉంచాలి.

అన్ని కారుడులకీ ఒకే కంగారు పడక్కర్లేదు. నేను మూడు మాటలు వాడతాను. చెమ్మ అంటే దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది, చుక్క మాత్రం కింద పడదు. నెలకోసారి లెవెల్ చూసుకుంటూ తిప్పుకోవచ్చు. చుక్క అంటే రాత్రికి నేల మీద మరక పడుతుంది. ఆ వారంలో పని పెట్టుకోండి, ఈలోగా లెవెల్ తగ్గనివ్వకండి. ధార అయితే బండి అక్కడే ఆపాలి. నూనె అయిపోయిన హౌసింగ్‌లో పళ్ళు నీలం రంగుకి మాడతాయి. సీలు ఖరీదు వందల్లో ఉంటే క్రౌన్ పినియన్ సెట్టు వేలల్లో. డ్రైవరు తమ్ముళ్ళకి మాట: యాక్సిలరేటరు తొక్కితే వెనక నుంచి ఊళ లాంటి కూత, వదిలితే మానడం వినపడితే ఓనరు తిడతాడని దాచకండి. దాచిన వారం రోజుల్లోనే ఖర్చు పదింతలు అవుతుంది.

ఇక మన లెక్కల సంగతి. పని మొదలుపెట్టక ముందు కారిన చోటుని ఫోనులో ఫోటో తీసుకోండి. కడిగాక ఇంకోటి, పని అయ్యాక మరోటి. చిన్న చీటీ మీద తేదీ, కిలోమీటరు రీడింగు, పోసిన నూనె గ్రేడు, మార్చిన సీలు అంకెలు, బ్రీదర్ చూశామా లేదా అన్నది రాసి ఓనరుకి ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. కడగడానికి, పౌడరు చల్లి చూడటానికి పట్టిన సమయానికి లేబరు అడగడానికి సిగ్గుపడకండి. ఆ పావుగంటే మీ అసలు విద్య. బల్ల మీద పాత సీలు, బ్రీదర్ పెట్టి చూపిస్తే ఓనరు బేరం ఆడడు. నేర్చుకునే కుర్రాళ్ళు ఈ చీటీ రాయడం ఇప్పుడే అలవాటు చేసుకుంటే పెద్ద కంపెనీ వర్క్‌షాపుల్లో జాబ్ కార్డు చూసి బెదరరు. ఐటిఐలో రెండేళ్ళ మోటార్ మెకానిక్ కోర్సో, ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సో చేసినవాళ్ళని ఆర్టీసీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. అలాంటి చోట చేతిపని ఎంత వచ్చో, రాత ఎంత వచ్చో రెండూ చూస్తారు.

దించిన నూనె ఎక్కడికి పోతోందో కూడా చూసుకోండి. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. డ్రమ్ములో పట్టి, అనుమతి ఉన్న కొనుగోలుదారుకే ఇవ్వాలి. మన షెడ్డుల్లో చాలావాటి వెనక డ్రైను ఉంటుంది, డ్రైను కాలవలోకి పోతుంది, కాలవ నీళ్ళే దిగువ ఊళ్ళ చెరువుల్లోకి, అక్కడి నుంచి బిందెల్లోకి పోతాయి.

పని అయిన బండిని వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకురమ్మనండి. వాళ్ళు రాకపోతే మీరే ఫోను చెయ్యండి. వచ్చినప్పుడు ఫిల్లర్ ప్లగ్ విప్పి లెవెల్ చూసి, బ్రీదర్ ఒకసారి ఊది, డబ్బులు తీసుకోకుండా పంపండి.